నాంపల్లిలో వంత అడిగిన మాట

హైదరాబాద్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో కనిపించిన ప్రతి మనిషీ రెండే అడుగుతున్నారు. చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా అని. చార్మినార్ చూడలేదు, బిర్యానీ తినలేదు. ఉన్నన్నాళ్లూ నాంపల్లికీ అబిడ్స్‌కీ మధ్యే తిరిగాం. ఆ మాత్రం దానికి అంత దూరం వెళ్లాలా అని మా ఆయన మూతి విరిచాడు. వెళ్లాలి. ఎందుకో చెప్తాను, తీరిగ్గా కూర్చోండి.

మాది పాలకొల్లు. నాకు టైలరింగ్ షాపు ఉంది. అది పొట్టకూటికి. మనసుకి మాత్రం బుర్రకథ. ముగ్గురు ఆడవాళ్లం కలిసి చెప్తాం. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథ చెప్పేది సత్యవతక్క. కుడిపక్క మంగ, ఎడమపక్క నేను. మా ఇద్దర్నీ వంతలంటారు. కథకురాలు ఒక చరణం పాడగానే 'తందాన తాన' అని అందుకుని డక్కీ వాయించాలి. అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఎడమ వంతది హాస్యం. కథ మరీ బరువెక్కితే ఒక ఛలోక్తి విసిరి జనాన్ని నవ్వించాలి. కుడి వంత కథని ఆపి ప్రశ్న వేయాలి. ఆ రాజు చేసింది న్యాయమేనా, ఆ పేదవాడి తప్పేమిటి, ఇప్పుడు మన ఊళ్లో జరుగుతున్నది మాత్రం వేరా అని, వినేవాళ్ల మనసులో ఉన్నదాన్ని నోరు తెరిచి అడగాలి. వంత అడిగితే కథకురాలు జవాబు చెప్పి తీరాలి. విసుక్కోకూడదు, మాట మార్చకూడదు. జవాబు రాకుండా కథ ముందుకు నడవదు. అది మా కట్టుబాటు.

నాంపల్లిలో ఒక సంఘం వాళ్లు జానపద కళల పండగ చేస్తూ మమ్మల్ని పిలిచారు. దారి ఖర్చులు, భోజనం, ఆఖర్న ఒక శాలువా. ఇప్పటికే నా బీరువాలో ఉన్న శాలువాలతో ఒక పెళ్లి పందిరి వేయొచ్చు, కాబట్టి నేను వెళ్లింది దానికోసం కాదు. సత్యవతక్క వెళ్లిందీ దానికోసం కాదు. ఆమె ఒక్కగానొక్క కూతురు వసంత అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. డిగ్రీ అవగానే వెళ్లిపోయింది, మళ్లీ ఇంటి ముఖం చూసింది తక్కువ. పోయినేడాది తండ్రి పోతే పొద్దున వచ్చి సాయంత్రం రైలుకే తిరిగి వెళ్లింది. తల్లీ కూతుళ్ల మధ్య మాటంటే ఫోనులోనే. బీపీ మాత్ర వేసుకున్నావా, వేసుకున్నా, ఉంటా మరి. అంతే.

మాఘంలో ఆయన సంవత్సరీకం. దానికైనా కూతుర్ని ఇంటికి రప్పించుకోవాలని అక్క ఆశ. రైల్లో అన్నం పొట్లం విప్పుతూ నాతో ఆ మాటే అంది.

"ఫోనులో అంటే తప్పించుకుంటుంది. ఎదురుగా నిలబడి అడిగితే కాదనలేదు కదే రవణా?"

కాదనలేదని నేనూ భరోసా ఇచ్చాను. భరోసా ఇవ్వడానికి నాదేం పోయింది.

పట్టాలు ఆగిపోయే చోట

నాంపల్లి స్టేషన్లో నాకు నచ్చింది ఏమిటంటే, పట్టాలు అక్కడితో సరి. రైలు ఇంక ముందుకి పోవడానికి దారి లేదు. దిగేలోపు కదిలిపోతుందేమో అన్న కంగారు లేకుండా, మంగ తన చెప్పులు వెతుక్కుని, దొరికాక దువ్వెన వెతుక్కుని, తీరుబడిగా దిగింది. బయట చలి. మార్గశిరం చలి మా వైపు దుప్పటితో పోతుంది, ఇక్కడ స్వెట్టర్ అడుగుతోంది.

ఆటో అతను మా తంబురా చూసి సితారా అని హిందీలో అడిగాడు. కాదన్నాను. డక్కీలు చూసి కుండలా అని అడిగాడు. అవి ఇత్తడివి, వాయించేవి అని నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పాను. అతనికి ఏం అర్థమైందో గానీ, గుంత వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి కుండలు పగల్లేదు కదా అని అడుగుతూ నడిపాడు. ఎగ్జిబిషన్ గ్రౌండ్ దగ్గర నుమాయిష్ కోసం రేకుల షెడ్లు లేస్తున్నాయి. ఆ గోడ దాటాక ఒక సందులో దింపి, మీటరు చూపించి, మా బేరం లేకుండానే మీటరెంతుంటే అంతే తీసుకున్నాడు. ఇది మా ఊళ్లో చెప్తే ఎవరూ నమ్మలేదు.

వసంత ఆ సందులో ఒక పాత మేడ మీద గదిలో కిరాయికి ఉంటుంది. కింద ఇల్లుగలావిడ సుశీలమ్మ. వాళ్లకి తాతల నాటి నుంచీ బేగం బజార్లో పసుపు, మిరియాల దుకాణం. ఇల్లంతా ధనియాల వాసన. మేం దిగేసరికి వసంత డ్యూటీకి వెళ్లిపోయింది. తాళంచెవి సుశీలమ్మకి ఇచ్చి, పెద్దగదిలో పరుపులు వేయించి మరీ వెళ్లింది.

సుశీలమ్మ సత్యవతక్కని పైనుంచి కిందిదాకా చూసింది. "వసంతోళ్ల అమ్మనా మీరు? ఇన్నేండ్లల్ల ఒక్కపారి గూడ రాలేదేంది?"

అక్క కాళ్లకి చెప్పులు విప్పుతూ ఉండిపోయింది. ఆడవాళ్లం కదా, తీరిక దొరకద్దూ అని నేనే ఏదో సర్దాను. సుశీలమ్మ ఇంక పొడిగించకుండా మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టింది. సర్వపిండి అని గిన్నెకి అద్ది కాల్చిన బియ్యప్పిండి రొట్టె పెట్టింది, నువ్వులూ పల్లీలూ పంటికి తగులుతూ బ్రహ్మాండంగా ఉంది. అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. మా వైపు చారంటే పొయ్యి మీద మరిగి తీరాలి. వీళ్లు చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి, పొయ్యికి చూపించకుండానే పోసేస్తారు. మొదటి ముద్దకి నేను మొహం చిట్లించాను. మూడోసారి నేనే గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

అబిడ్స్, అద్దాల మధ్య

మధ్యాహ్నం అక్క నిలవలేకపోయింది. ముగ్గురం నడుచుకుంటూ అబిడ్స్ చేరాం. రోడ్డు దాటడానికే నా ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. అక్కడ కళ్లద్దాల దుకాణాలు వరసగా ఉన్నాయి, ఊరంతటికీ చూపు మందగించిందా అన్నట్టు. వసంత ఉన్నది వాటిలో ఒక చిన్నది. తలుపు తోసుకుని వెళ్తే, గోడలనిండా అద్దాలు, అద్దాలనిండా మేమే.

వసంతకి ముప్పై అయిదు దాటి ఉంటాయి. వాళ్లమ్మ ముక్కు, వాళ్లమ్మ నిలబడే తీరు. ఒక ముసలాయనతో ఉర్దూలో మాట్లాడి, ఒక కాలేజీ పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడి, మా వైపు తిరిగి "జర కూసోండి, వస్త" అంది. మా గోదావరి పిల్ల నోట ఆ మాట విని మంగ కిసుక్కున నవ్వింది. నవ్వొద్దని నేను మోచేత్తో పొడిచాను.

తల్లి కూతురి కోసం రైలెక్కి వచ్చింది. కూతురు తల్లిని చూసి ఎన్నాళ్లో అయింది. నేనైతే ఏదో ఒకటి జరుగుతుందని కొంగు సిద్ధంగా పెట్టుకున్నాను. అక్క "చిక్కిపోయావే" అంది. వసంత "అద్దాలు తీయమ్మా, గీతలు పడ్డయి" అంది. ఆ అద్దాలు తీసుకెళ్లి ముక్కు దగ్గర బుడిపెలు మార్చి, మరలు బిగించి, తుడిచి, తానే తల్లి చెవులకి సరిగ్గా అమర్చింది. అమర్చాక ఒక్క క్షణం చేతులు అక్కడే ఉంచింది. ఈలోగా ఇంకో కస్టమరు వచ్చాడు.

మొజంజాహీ మార్కెట్లో మూడు కప్పులు

సాయంత్రం డ్యూటీ దిగి వసంతే మమ్మల్ని మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్లింది. నల్లటి రాతి కట్టడం, మధ్యలో గడియారం గోపురం, ఆవరణలో కుర్చీలు వేసి ఐస్‌క్రీమ్ అమ్ముతారు. పండ్ల గుజ్జుతో చేసింది, కప్పు ఎనభై, వంద. మా ఊళ్లో ఆ డబ్బుతో నలుగురం తింటాం. అయినా తిన్నాక డబ్బు సంగతి మరిచిపోయాను. సీతాఫలం తొనలు తొనలుగా నోటికి తగిలాయి.

రేపు కథ ఉంది, ఈ చలిలో అది ముట్టుకోవద్దని సత్యవతక్క ముందే చెప్పింది. తాను గోరువెచ్చటి నీళ్లే తాగింది. నేను ఒక కప్పుతో ఆపాను. మంగ సంగతి చెప్పాలి. మంగ తప్పు కూడా కాదు.

జరిగిందేమిటంటే, అక్క గొంతు సవరించుకుని "వసంతా, మాఘంలో నాన్న సంవత్సరీకం" అని మొదలుపెట్టింది. వసంత ఠక్కున లేచి, "మంగ పిన్నికి ఇంకోటి తెస్త" అని వెళ్లిపోయింది. మామిడిది తెచ్చింది. మంగ కాదనే రకం కాదు. అది సగం అయ్యేసరికి అక్క మళ్లీ అందుకుంది, "పంతులుగారు కూడా అడుగుతున్నారు, కూతురొస్తుందా అని." వసంత మళ్లీ లేచింది. ఈసారి అంజీరాది వచ్చింది. తల్లి అడగడం, కూతురు లేవడం, మంగ తినడం. మూడోసారి అక్కే మానుకుంది, లేకపోతే మంగ అక్కడే గడ్డకట్టిపోయేది.

ఆదివారం పొద్దున, గొంతు లేదు

పొద్దున్నే మంగ నన్ను తట్టి లేపి నోరు తెరిచింది. తలుపు బందు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది, అంతే. సుశీలమ్మ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించింది, మిరియాల పాలు తాగించింది, కొట్టు నుంచి పిప్పళ్లు తెప్పించింది. మధ్యాహ్నానికి ఆ కిర్రుమనేది కూడా పోయింది. మంగ చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ చేతుల భాషలో కూడా ఐస్‌క్రీమ్ బాగుందనే చెప్తోంది.

కుడి వంత లేకుండా బుర్రకథ లేదు. అక్క మంచం మీద కూర్చుని, వెనక్కి పోదాం అంది. వసంత, పుస్తకాల బజారుకి వస్తావా పిన్నీ అని నన్ను తీసుకుని బయల్దేరింది.

ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపులు మూస్తారు. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాల పక్కన వంటల పుస్తకాలు, వాటి పక్కన జాతకాలు. మోకాళ్ల మీద కూర్చుని జనం ఏరుకుంటున్నారు. నాకు బ్లౌజు డిజైన్ల పుస్తకం ఒకటి దొరికింది. రెండొందలన్నాడు, యాభై అన్నాను, లేచి నాలుగడుగులు వేశాను, డెబ్భైకి ఇచ్చాడు. బేరంలో మాత్రం హైదరాబాదూ పాలకొల్లూ ఒకటే.

ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ ఇరవై. మా ఊళ్లో పదికే వస్తుంది గానీ ఇంత చిక్కన ఉండదు. ఉస్మానియా బిస్కెట్టు అందులో ముంచితే సగం లోపలే పడిపోయింది. చెంచాతో దాన్ని వేటాడుతూ, అసలు మాట నేనే ఎత్తాను. వసంతా, నువ్వు నిలబడకూడదా కుడిపక్కన అన్నాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మేం చెప్పబోయేది సరంగు కథ. అది సత్యవతక్క సొంతంగా కట్టింది. గోదావరిలో పడవ నడిపే సరంగు వెంకన్న పెళ్లాన్నీ పసిపిల్లనీ వదిలేసి నాటకాల వాళ్లతో పోతాడు. ఏళ్లు గడిచాక, ఒక వానరోజు తిరిగొచ్చి తలుపు కొడతాడు. ఊరంతా లాంతర్లు పట్టుకుని చేరుతుంది. పెళ్లాం గంగ తలుపు తీస్తుంది, కూతురు చెంబుతో నీళ్లు తెస్తుంది, గంగ మొగుడి కాళ్లు కడుగుతుంది. ఆ ఘట్టానికి మా జిల్లాలో ఏడవని ఆడది లేదు. అక్క మొగుడు హార్మోనియం వాయించేవాడు. ఆయనా అలాగే పోయాడు, అలాగే తిరిగొచ్చాడు. వసంత అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆయన వచ్చిన ఏడాదే అక్క ఈ కథ కట్టింది. ఇది మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ అనరు.

అందుకే వసంత ఒప్పుకుంటుందని నాకు నమ్మకం లేదు. చాయ్ చల్లారేదాకా చూసి, "మొత్తం నోటికొస్తది పిన్నీ" అంది. చదువుకునే రోజుల్లో మేం సాధన చేస్తుంటే తలుపు వెనక కూర్చుని వినేదట. పాటలూ, ప్రశ్నలూ, నా ఛలోక్తులతో సహా.

"గని నా భాషల్నే అడుగుత. ప్రశ్న గూడ నా ఇష్టం."

భాషదేముంది తల్లీ, నిలబడితే చాలన్నాను. రెండో మాట నా చెవుల్లోంచి జారిపోయింది.

సేఫ్టీ పిన్నులు

మంగ జాకెట్టు వసంతకి రెండు అంగుళాలు వదులు. కత్తెర, సూది, సేఫ్టీ పిన్నులు లేకుండా నేను పక్క వీధికి కూడా వెళ్లను కాబట్టి గంటలో సరిచేశాను. సాధనలో వసంత మామూలు ప్రశ్నలే అడిగింది. వంతెన కట్టాక సరంగుల బతుకేమైంది అక్కా, రేవు మూసేసినోళ్లు ఎవరు అక్కా అని. వంత కథకురాల్ని అక్కా అనే పిలవాలి. కన్నతల్లిని అలా పిలుస్తుంటే మొదట ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను. అక్క చిన్నపిల్లలా హుషారైపోయింది. డక్కీ మీద కూతురి వేళ్లు తడబడితే పట్టుకుని చూపించింది. నా పక్కకొచ్చి, "వస్తుందే, మాఘానికి తప్పకుండా వస్తుంది" అని గుసగుసలాడింది.

కుడిపక్క నుంచి

నాంపల్లిలో ఆ హాలు శుభ్రంగా ఉంది. ఏసీ, మెత్తటి కుర్చీలు, ముందు వరసలో పెద్దమనుషులు, వాళ్ల ముందు నీళ్ల సీసాలు. మా పల్లెల్లో జనం చాపలు పరుచుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వింటారు. నచ్చితే అరుస్తారు, నచ్చకపోతే ఇంకా గట్టిగా అరుస్తారు. ఇక్కడ ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తూ వింటారు. నవ్వుతున్నారో లేదో తెలియక మొదట్లో నా హాస్యం తేలిపోయింది. వసంత నోరు విప్పాక హాలు కదిలింది. సత్యవతక్క గోదావరి యాసలో కథ చెప్తుంటే, కుడిపక్క నుంచి వసంత "గట్లెట్ల అయితదక్కా?" అని నిలదీయడం వాళ్లకి తెగ నచ్చేసింది. మూడో వరసలో సుశీలమ్మ, ఆమె పక్కన మఫ్లరు చుట్టుకుని మంగ.

తలుపు ఘట్టం వచ్చింది. అక్క గొంతు తగ్గించి, వాన, లాంతర్లు, చేరిన ఊరు, అన్నీ చెప్పింది. గంగ గడియ తీసింది. 'కూతురు చెంబుతో నీళ్లు తెచ్చెనమ్మా' అని పాడింది. ఇక్కడ కుడి వంత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇంత చేసిన మొగుణ్ణి గంగ ఎందుకు క్షమించిందక్కా అని. దానికి అక్క జవాబు, భూదేవికి ఎంత ఓర్పో గంగకి అంత ఓర్పు అని. అక్కడ చప్పట్లు పడతాయి. ఎప్పుడూ పడతాయి.

వసంత డక్కీ ఆపింది.

"అక్కా, గాడ ఇంకొకలు గూడ ఉన్నరు గద. చెంబు పట్టుకొని నిలబడ్డ పిల్ల. తలుపు తియ్యాల్నా వద్దా అని ఆ పిల్లనెవరన్న అడిగిన్రా?"

కథలో ఆ పిల్లకి ఒక్క మాట లేదు, పేరు కూడా లేదు. ఇన్నేళ్లుగా చెప్తున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. అక్క మీటిన తీగనే మళ్లీ మీటింది. ఇలాంటప్పుడు సర్దేయడమే నా ఉద్యోగం. "చెంబులో నీళ్లు చల్లారిపోతున్నాయి, ముందు ఆ కాళ్లేవో కడగనివ్వండమ్మా" అన్నాను. హాలు గొల్లుమంది. ఆ నవ్వులో కథ ముందుకు జారిపోవాల్సింది.

సత్యవతక్క నా వైపు చెయ్యెత్తింది. "ఆగవే. అడగనీ."

నవ్వు ఆగిపోయింది. అక్క తంబురా తీగ మీంచి వేలు తీసేసింది. వసంత వైపు తిరిగింది. అప్పటిదాకా జనం వైపే చూసి చెప్పింది, ఇప్పుడు వాళ్లకి భుజం చూపించి నిలబడింది.

"అడగలేదు," అంది. "గంగ ఎవర్నీ అడగలేదు. ఊరంతా వాకిట్లో నిలబడింది. తీయకపోతే ఏమనుకుంటారో అని తీసింది. ఓర్పని నేను చెప్తూ వచ్చాను గానీ, అది ఓర్పు కాదు, భయం. ఆ పిల్ల వైపు చూడనేలేదు."

ముందు వరసలో ఎవరో నీళ్ల సీసా మూత తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఇదంతా కథలో భాగమేననుకుంటున్నారు పాపం. కొంత నిజమే.

వసంత మళ్లీ అడిగింది. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు. "మరి ఆ పిల్ల ఏం చేసిందక్కా?"

"నాకు తెలీదు. నువ్వే చెప్పు."

కథకురాలు వంతని అడగడం నేనెక్కడా చూడలేదు. వసంత డక్కీని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. నాకు ఆ పిల్లని వెళ్లి పట్టుకోవాలనిపించింది. స్టేజీ మీద ఎవరి చోటు వాళ్లు వదలకూడదు, అందుకని ఉండిపోయాను.

"చెంబు గడప మీద పెట్టి లోపలికి పోయింది," అంది. "గంతే."

సత్యవతక్క తల ఊపింది. తర్వాత తంబురా మీటి, ఆ మాటనే రాగంలోకి తీసుకుంది. 'చెంబు గడప మీద పెట్టి లోనికెళ్లెనమ్మా.' నేను 'తందాన తాన' అన్నాను. ఒక దరువు ఆలస్యంగా కుడిపక్క నుంచి కూడా వినిపించింది. అక్క ఆ రాత్రి కాళ్లు కడిగే పాట పాడలేదు. సరంగు వాకిట్లో, కూతురు గదిలో, మధ్యలో గంగ నిలబడి ఉండగా మంగళం పాడేసింది.

చప్పట్లు పడ్డాయి గానీ మాకు అలవాటైనన్ని కాదు. నిర్వాహకుడు శాలువా కప్పుతూ, కథ చివర కొంచెం తెగినట్టుంది మేడమ్ అన్నాడు. అక్క అవునండీ అంది. సుశీలమ్మ మాత్రం ఇంటికి వెళ్లేదాకా కళ్లు తుడుచుకుంటూనే నడిచింది. కాళ్లు కడిగితే నేను ఏడవకపోదునేమో అని మంగకి చెప్పింది. మంగ చేతులూపి ఏదో జవాబిచ్చింది, అది నాకు అర్థం కాలేదు.

తిరుగు రైలు

సోమవారం వసంత డ్యూటీకి వెళ్లింది. తల్లీ కూతుళ్లు ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. నేను బేగం బజారుకెళ్లి సుశీలమ్మ వాళ్ల కొట్లో మిరియాలు, దాల్చినచెక్క కొన్నాను. నమ్మండి, మా వైపు ధరలో సగం. మోత బరువు సంగతి మాత్రం ఇంటికొచ్చాక భుజం చెప్పింది.

సాయంత్రం స్టేషన్‌కి వసంత నేరుగా అబిడ్స్ నుంచే వచ్చింది. సుశీలమ్మ ఇచ్చిన సర్వపిండి పొట్లం నా చేతిలో పెట్టింది. సీట్లు చూపించి, తంబురా పైన సర్ది, కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడింది. సత్యవతక్క అటు జరిగింది. నేను కావాలని పొట్లం విప్పడంలో మునిగిపోయాను, అయినా చెవులు అక్కడే పెట్టాను.

"మాఘంలో మీ నాన్న సంవత్సరీకం," అంది అక్క. "రమ్మని అనడం లేదు. రావాలని నీకుందా అని అడుగుతున్నాను."

వసంత ఈసారి ఎటూ వెళ్లలేదు. కిటికీ కమ్మీ పట్టుకుని తల్లినే చూసింది.

"లేదమ్మా. రాను."

"సరే," అంది సత్యవతక్క.

ఎందుకని అడగలేదు. పంతులుగారేమంటారని అనలేదు. ఊరి మాట ఎత్తలేదు. అక్క గొంతు గొప్పదని జిల్లా అంతా చెప్పుకుంటారు, ముప్పై ఊళ్లలో ఆమె పక్కన నిలబడి విన్నదాన్ని నేను. ఆ సరే అన్నంత నిజంగా ఇంకో మాట ఆమె నోట వినలేదు. సర్వపిండి పొట్లం మళ్లీ కట్టేశాను.

గార్డు విజిల్ వేశాడు. వసంత కిటికీ వదిలేసి వెళ్లిపోయింది. అయిపోయిందనుకున్నాను. అంతలో ఆ చివర తలుపులోంచి ఎక్కి, సామాన్లు దాటుకుంటూ మా దగ్గరికొచ్చి నిలబడింది.

"జర జరుగమ్మా. సికింద్రాబాద్ దాకా వస్త."

టికెట్టు లేదు కదే అన్నాను. పట్టుకుంటే ఫైన్ కడతానంది. సత్యవతక్క తన కొంగు, సంచీ దగ్గరికి లాక్కుని కిటికీ పక్కకి జరిగింది, వసంత ఆమెని ఆనుకుని కూర్చుంది.